ఏసీ లేని డాబా ఇంట్లో అమ్మానాన్నలు: ఎండలు ముదరకముందే ఏమేం అమర్చాలి?

పల్నాడు_ఆడపడుచు

నమస్కారం అండీ. అమ్మకు 71, నాన్నకు 76. రెంటచింతల దగ్గరి ఊళ్లో ఇద్దరే ఉంటారు. పిల్లలం వేరే దేశాల్లో ఉన్నాం. మార్చి మొదట్లో వస్తున్నాను, ఎండాకాలానికి కావలసినవన్నీ అప్పుడే అమర్చి రావాలి.

ఇల్లు ఒకే అంతస్తు డాబా. శ్లాబు సుమారు 600 చదరపు అడుగులు, పడమటి గోడకు నీడ లేదు. వెనకాల వంటకు సిమెంటు రేకుల గది. మరుగుదొడ్డి పెరట్లో, ఇంటికి కొంచెం దూరం. మధ్యాహ్నం పూట కరెంటు పోతుంటుంది. ఏసీ పెట్టిస్తానంటే ఇద్దరూ వద్దంటున్నారు.

అమ్మ బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటుంది, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్. నాన్నకు షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్, దానితోపాటు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర. మిర్చి కల్లం కాపలాకి మిట్టమధ్యాహ్నం కూడా వెళ్తారు. ఎండలో తిరగొద్దని చెప్పడం తప్ప ఇంకేం చేయాలో తెలియడం లేదు. ఏది ముందు, ఏది తర్వాత?

సున్నం_సిమెంటు

ముందు శ్లాబు. శ్లాబు పగలంతా వేడిని పట్టుకుని, పొద్దుగూకాక కిందికి వదలడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి ఏడెనిమిది గంటలప్పుడు బయట కాస్త చల్లబడినా లోపల ఉడికిపోతుంటుంది. పగలు అలసిన ఒంటికి రాత్రి కూడా తెరిపి దొరక్కపోతే, అలా వరసగా రెండు మూడు రోజులు గడిస్తే, గడప దాటని పెద్దవాళ్లకి కూడా వడదెబ్బ తగులుతుంది. ‘ఇంట్లోనే ఉన్నారుగా’ అని ధీమాగా ఉండొద్దు.

శ్లాబు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. రెండు పూతలకి లీటరుకు 20 నుంచి 25 చదరపు అడుగులు వస్తుంది, అంటే మీకు 24 నుంచి 30 లీటర్లు కావాలి. డబ్బా మీద ఎస్ఆర్ఐ అనే అంకె ఉంటుంది (ఎండను ఎంత బాగా వెనక్కి కొడుతుందో చెప్పే కొలత), అది 100కి పైన ఉన్నది తీసుకోండి. మామూలు తెల్ల డిస్టెంపర్ కొట్టి కూల్ రూఫ్ అని చెప్పేవాళ్లున్నారు, అది తొలి వానకే పోతుంది.

పని ఇలా జరగాలి. నాచు, పాత పెచ్చులు వైరు బ్రష్షుతో గీకి, కడిగి, ఒక రోజు ఆరనివ్వాలి. పగుళ్లు ముందే పూడ్చాలి. మొదట పల్చగా కలిపిన ప్రైమరు, ఆరాక ఒక పూత నిలువుగా, నాలుగైదు గంటల తర్వాత రెండోది అడ్డంగా. పొద్దున్న తొమ్మిదిలోపు లేదా సాయంత్రం మాత్రమే వేయించండి. కాలుతున్న శ్లాబు మీద వేస్తే పట్టు దొరక్కముందే ఆరిపోయి పెచ్చులుగా లేస్తుంది. తర్వాత ఏటా ఫిబ్రవరిలో ఒకసారి దుమ్ము కడిగించండి. దుమ్ము పట్టిన పూత అంత బాగా పనిచేయదు.

డబ్బు సరిపోకపోతే సున్నం వేయించినా ఫలితం ఉంటుంది. రాళ్ల సున్నం ఒక రోజంతా నీళ్లలో మగ్గనిచ్చి, వడకట్టి, జిగురు కలిపి రెండు మూడు పూతలు. ఒక్క సీజనే ఉంటుంది. సున్నం మగ్గేటప్పుడు సలసల కాగుతుంది కాబట్టి ఇనప డ్రమ్ములో, పెద్దవాళ్లకు దూరంగా చేయించండి.

రేకుల గదికీ తెల్ల పూత వేయొచ్చు. కానీ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పొడిగా గీకితే దాని సన్నటి పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి, మెత్తని బ్రష్షుతోనే కడగాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, అడ్డ పలక వేసుకోవాలి. విరిగి కిందపడేవాళ్లు చాలామంది.

పడమటి గోడకి మూడు నాలుగు అడుగుల ఎడంగా తాటాకు పందిరి గానీ, 75 శాతం షేడ్ నెట్ గానీ కట్టించండి. గోడకి ఆనించి కట్టొద్దు, మధ్యలో గాలి ఆడాలి. కిటికీలకి లోపల కర్టెన్ కంటే బయట తడిక మేలు, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ ఆపేది తక్కువ.

ఇంకొకటి. గదిలో ఒకటి, వరండా నీడలో ఒకటి డిజిటల్ థర్మామీటర్లు పెట్టండి, తేమ శాతం కూడా చూపించేవి. బయటి అంకె లోపలి అంకెను దాటగానే కిటికీలు మూయాలి, లోపలి కంటే తగ్గగానే తీయాలి. పెద్దవాళ్లున్న గది పగలు 32 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పల్నాడులో మే నెలలో అది కుదరని రోజులుంటాయి. గది 35 దాటిందంటే కూలర్ వేయడం, ఒళ్లు తడపడం మొదలుపెట్టాలి అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

పడక విషయం. రాత్రి శ్లాబు కింద కాకుండా వాకిట్లో నులక మంచమో, నవారు మంచమో వేసి, దోమతెర కట్టించండి. అడుగు నుంచి గాలి ఆడుతుంది. ఫోమ్ పరుపు వీపు వేడిని అలాగే పట్టి ఉంచుతుంది. డాబా పైన పడుకోనివ్వొద్దు. ఈ వయసులో నిద్రమత్తులో మెట్లు దిగడం వడదెబ్బ కంటే తక్కువ ప్రమాదమేం కాదు.

ఎర్తింగ్

కూలర్ గురించి నేను చెబుతాను. మీ ప్రాంతంలో మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు మంచి తేనెపట్టు ప్యాడ్ ఉన్న కూలర్ నుంచి వచ్చే గాలి 27, 28 డిగ్రీలుంటుంది. దాన్ని కిటికీకి బయట బిగించాలి, ఎదుటి వైపు కిటికీ ఒక జానెడు తెరిచి ఉంచాలి. చాలా ఇళ్లలో గది మధ్యలో పెట్టి తలుపులన్నీ మూసేస్తారు. గంటలో గది గాలి తేమతో నిండిపోయి, తడి ఆవిరి కావడం ఆగిపోతుంది. ఇక అది ఉక్కపోత మిషనే.

పెద్దవాళ్లు బకెట్లు మోసి నింపే పని ఉండకూడదు. పొడి ఎండలో గంటకు పది లీటర్ల దాకా తాగేస్తుంది. ట్యాంకు నుంచి సన్న పైపు, చివర ఫ్లోట్ వాల్వు పెట్టించండి. వారానికోసారి నీళ్లు పూర్తిగా వంపేసి, తొట్టి రుద్ది కడగాలి, లేకపోతే డెంగీ దోమ అందులోనే పెరుగుతుంది.

కరెంటు షాకు అసలు సమస్య. ఇనప బాడీ, నీళ్లు, తడి చేతులు. ప్లగ్గులో మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు, పల్లెల్లో చాలా ఇళ్లకి ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు పరీక్ష చేయించి, మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. అది లేకుండా కూలర్ కొనొద్దు.

కరెంటు కోతకి 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్. కాగితం మీద 1800 వాట్ అవర్స్, చేతికొచ్చేది 1100, 1200. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 లోపు. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఒక లైటు అయితే పదిహేను గంటల పైనే వస్తాయి. 180 వాట్ల కూలరు కూడా కలిపితే నాలుగైదు గంటలు. ఫ్యాన్లు మార్చాకే ఇన్వర్టర్ కొనండి, ముందు కొంటే అనవసరంగా పెద్దది తీసుకుంటారు.

కాకినాడ_తీరం

ఇది చదివే సముద్రతీరం వాళ్లు ఆ కూలర్ లెక్క నమ్ముకోవద్దు. మా వైపు 37 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజు ఎంత మంచి కూలరైనా 31, 32 డిగ్రీల తడి గాలే ఇస్తుంది, ఆ తడిలో చెమట ఆరదు. ఇక్కడ గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లకి ఒక్క చిన్న గదికైనా ఏసీ పెట్టించడమే సరైన దారి. 27, 28లో పెట్టి పైన ఫ్యాను వేస్తే బిల్లు గురించి వాళ్లు భయపడి ఆపేయకుండా ఉంటారు. వాతావరణ శాఖ కూడా మైదానంలో వడగాడ్పు అనడానికి కనీసం 40 డిగ్రీలు చూస్తే, తీరంలో 37 చాలంటుంది. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలన్న షరతు రెండు చోట్లా ఉంది.

మందులచీటీ

ఆడపడుచు గారూ, మీరు రాసిన మందుల్లో ప్రతి ఒక్కటీ ఎండాకాలంలో జాగ్రత్త పడాల్సిందే. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. చీటీ పట్టుకుని మార్చిలోనే డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, ‘వేసవికి డోసు మార్చాలా? వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, తిండి మానేసినా ఆ రోజు ఏవి ఆపాలి?’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

అమ్మగారి మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోంచి నీటినీ, ఉప్పునీ బయటికి పంపిస్తుంది. టెల్మిసార్టాన్ కిడ్నీలో రక్తపోటు సర్దుబాటును తగ్గిస్తుంది. ఒళ్లు ఎండిపోయిన రోజు ఈ రెండింటి మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతింటాయి. ఈ మూడింటి కలయిక గురించి డాక్టర్లు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. మోకాళ్లకి ఎండలున్నన్నాళ్లు వేరే దారి చెప్పమనండి. పైపూత మందో, పారాసిటమాలో ఇస్తారు.

ఇదే మాత్ర వల్ల ఇంకో చిక్కు. నీళ్లు తాగమ్మా, తాగమ్మా అని అందరూ చెబితే ఆవిడ వట్టి నీళ్లే మూడు నాలుగు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తికమకగా మాట్లాడటం, వికారం, నడకలో తూలడం. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది, కానీ ఒళ్లు కాలదు. అలా కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేసవి ముందు ఒకసారి, నడి వేసవిలో ఒకసారి సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

కొబ్బరి నీళ్లు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ వాడుతూ కిడ్నీ పని తగ్గినవాళ్లు రోజూ తాగకూడదు. పల్చటి మజ్జిగ, రాగి అంబలి ఇద్దరికీ మంచివి. మజ్జిగలో ఉప్పు చిటికెడు దాటనివ్వొద్దు.

నాన్నగారి డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో చక్కెరతోపాటు నీటినీ లాగేస్తుంది. కల్లం దగ్గర ఎండకి చెమటలో పోయేది దీనికి అదనం. ఇన్సులిన్ విషయంలో రెండు సంగతులు. వేడెక్కిన చర్మం కింద ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలుస్తుంది, షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. ఎండలోంచి రాగానే గానీ, వేడి నీళ్ల స్నానం అయ్యాక గానీ సూది వేసుకోకూడదు, పావుగంట నీడలో కూర్చోవాలి. రెండోది, వేడికి చెడిపోయిన ఇన్సులిన్ రంగు మారకుండానే బలం కోల్పోతుంది. కారణం తెలియకుండా షుగరు వరసగా 300 దగ్గర ఉంటే డోసు పెంచే ముందు సీసా మార్చి చూడాలి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కూడా 30 డిగ్రీలు దాటితే తప్పు చూపించవచ్చు.

నిద్ర మాత్రలు, జలుబుకి కొనుక్కునే క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పికో దిగులుకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుడుకి వాడే ట్రైహెక్సీఫెనిడిల్. ఇవి చెమటను తగ్గిస్తాయి లేదా మగతలో ఉంచుతాయి. డబ్బాలన్నీ ఒకసారి కుమ్మరించి చూడండి, ఎప్పుడో వాడి మిగిలినవి కూడా.

పల్నాడు_ఆడపడుచు

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. నాన్న కల్లానికి వెళ్లేటప్పుడు రోజూ ఓఆర్ఎస్ అని షాపులో అమ్మే డబ్బా ప్యాకెట్ తాగుతారు, అది సరేనా? కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్‌ని ఫ్రిజ్‌లోనే ఉంచాలా, కుండలో పెట్టాలా?

మందులచీటీ

ఆ డబ్బా మానిపించండి. అలాంటివి చాలావరకు చక్కెర నీళ్లు, షుగరు మనిషికి అసలు పనికిరావు. హైదరాబాద్‌లో పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరే వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ 20.5 గ్రాముల పొడి ప్యాకెట్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉంటుంది. మొత్తం ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటల్లో వాడేసి మిగిలింది పారబోయాలి. గ్లాసులో కొంచెం కొంచెంగా పొడి వేసుకుంటే ఉప్పు ఒక గ్లాసులో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ అవుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ స్పూను, పైన గుట్ట లేకుండా గీసినంత. ఇది విరేచనాలకో, బాగా చెమట పట్టిన రోజుకో వాడేది. రోజూ దాహానికి తాగేది కాదు, బీపీ ఉన్న అమ్మగారు అలా రోజూ అసలే తాగకూడదు.

ఇన్సులిన్: తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల్లో, ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల కోత వరకు ఫర్వాలేదు. ఫ్రీజర్ గోడకి ఆనించొద్దు, గడ్డ కట్టిందంటే పారేయాల్సిందే. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. దానికి మీ ప్రాంతంలో కుండ బ్రహ్మాండంగా పనిచేస్తుంది: పెద్ద మట్టికుండలో తడి ఇసుక, మధ్యలో చిన్న కుండ, పైన తడి గుడ్డ. సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచాలి. గాలి ఆడే నీడలో పెట్టి, ఇసుక ఆరకుండా పొద్దున్నా సాయంత్రం నీళ్లు చల్లాలి. బీరువాలో మూసి పెడితే కుండ చల్లబడదు. అందులో ఒక థర్మామీటరు వేసి చూసుకోండి.

పీహెచ్‌సీ_సిస్టర్

ఇల్లు, మందులు అయ్యాయి కాబట్టి ఒంటి సంగతి చెబుతాను.

వయసు పైబడ్డాక దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. అందుకే గది 38 డిగ్రీల దాకా వెళ్లాక పొడి ఒంటి మీద ఫ్యాను గాలి పెద్దవాళ్లకు మేలు చేయదు, వేడి గాలిని ఒంటికి కొట్టినట్టే. ఒంటిని తడిపి ఫ్యాను వేస్తే మాత్రం ఆ తడే చెమట చేయాల్సిన పని చేస్తుంది. చేతులు, మెడ, కాళ్లు పది పదిహేను నిమిషాలకోసారి తడి తువ్వాలుతోనో స్ప్రే బాటిల్‌తోనో తడపాలి. పాదాలు చీలమండల పైదాకా బకెట్‌లో పెట్టి కూర్చోవచ్చు. మంచు నీళ్లు అక్కర్లేదు. డాబా మీది సింటెక్స్ నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతాయి, కాబట్టి తెల్లవారుజామునే రెండు బకెట్లు పట్టి ఇంట్లో పెట్టుకోవాలి.

నీళ్లకి లీటరు సీసాలు రెండు, మార్కర్‌తో గీతలు గీసి పక్కన 8, 10, 12, 2, 4 అని గంటలు రాయండి. అయితే ఒక మాట అడుగుతాను, మరుగుదొడ్డి పెరట్లో ఉందన్నారు. మీ అమ్మగారు నీళ్లు తక్కువ తాగేది మర్చిపోయి కాదేమో, మోకాళ్ల నొప్పితో ఆ ఎండలో అంత దూరం నడవలేక కావచ్చు. చాలా ఇళ్లలో ఇదే కారణం, ఎవరికీ చెప్పరు. దారికి పైన నీడ, పట్టుకోవడానికి రైలింగు, రాత్రికి లైటు, వీలైతే గదిలో కమోడ్ కుర్చీ. ఇన్వర్టర్ కంటే ముందు దీని మీద ఖర్చు పెట్టండి.

కల్లానికి మానమంటే నాన్నగారు మానరు. పొద్దున్న పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత అని ఒప్పించి, మధ్యాహ్నం కాపలాకి మనిషిని పెట్టండి. ఎండలు మొదలైన తొలి వారం రెండు వారాలు ఇంకా జాగ్రత్త, ఒళ్లు వేడికి అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో ఎండలో నిలబడనివ్వకండి.

వడదెబ్బకి గుర్తు చెమట ఆగడం ఒక్కటే అనుకోవద్దు. మాట తేడాగా రావడం, అడిగిన దానికి వేరే జవాబు చెప్పడం, తూలడం, ఒళ్లు కాలడం. ఇవి చాలు. చంకలో థర్మామీటరు తక్కువ చూపిస్తుంది, అంకె కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడలోకి మార్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్లదాకా నీళ్లు పోస్తూ ఫ్యాను గానీ, విసనకర్ర గానీ ఆపకుండా వేయాలి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో, మెడకి. మందపాటి తడి దుప్పటి కప్పొద్దు, గాలి తగలక వేడి లోపలే నిలుస్తుంది. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు, నిమ్మరసం, ఏదీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. జ్వరం మాత్ర పనిచేయదు, వేయొద్దు. నాన్నగారైతే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి, 70 లోపు ఉంటే అది 108 వాళ్లకి మొదట చెప్పాల్సిన మాట. ఇదంతా పక్కింటివాళ్లకి ఒకసారి చేసి చూపించండి, 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా పోయారు. ఈ పనులు పక్కవాళ్లకు తెలిసుంటే వాళ్లలో కొందరైనా మిగిలేవారు.

ఫోన్ చేసి ‘బాగున్నారా’ అని అడగకండి, ‘ఆ, బాగున్నాం’ అనే అంటారు. సీసా ఏ గీత దాకా వచ్చింది, పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారు, ఏ రంగులో ఉంది, గదిలో మీటరు ఎంత చూపిస్తోంది, రాత్రి నిద్ర పట్టిందా. ఇవి అడగండి. ఉదయం పదకొండుకి ఒకటి, సాయంత్రం నాలుగుకి ఒకటి. వాతావరణ శాఖ మీ జిల్లాకి ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లోనూ, అవి అయిపోయిన తర్వాతి రెండు రోజుల్లోనూ, మధ్యాహ్నం మూడుకి పక్కింటి మనిషి వచ్చి కళ్లతో చూసి వెళ్లాలి. రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే పావుగంటలో వాళ్లు తలుపు తీసుకుని లోపలికి వెళ్లేలా తాళంచెవి ఇచ్చి ఉంచండి. పగలు లోపలి గడియ పెట్టుకోవద్దని అమ్మగారికి చెప్పండి, గడియ ఉంటే తాళంచెవి ఉండీ లాభం లేదు.